తక్కెడ సందు అక్కచెల్లెళ్ళు

బున్‌రే రోజూ పొద్దున్నే బడ్డీ తెరిచి, డబ్బాల మీది తడి తుడిచి, పీచ్ పళ్ళ డబ్బాలు ఒక వరసా కాఫీ సీసాలు ఒక వరసా పేర్చుకునేది. ఆ తర్వాత చెప్పులు విడిచి కాసేపు ఉత్త కాళ్ళతో సందులో నిలబడేది. వాలు ఎటుందో పాదాలకి తెలిసిపోయేది. కొండ వైపుకి ఉంటే చిన్న అద్దం తీసి పెదాలకి రంగేసుకునేది. రేవు వైపుకి ఉంటే అద్దం జోలికే పోయేది కాదు.

బూసాన్ రేవుకి కూతవేటు దూరంలో ఉన్న ఆ సందుని తక్కెడ సందు అనేవాళ్ళు. కొరియా డబ్బు వాన్‌కి డాలరు ముందు బలం వస్తే సందు కొండ వైపుకి ఒరిగేది. వాన్ నీరసించి డాలరు లేస్తే రేవు వైపుకి ఒరిగేది. సందు వాళ్ళ తాతల నాడూ అలాగే ఒరిగేది. మునిసిపాలిటీ వాళ్ళు రెండు చివరలా మురుగు కాలవలు కట్టించారు, నీళ్ళు ఎటు పోవాలనుకుంటే అటు పోయేలా. పంది మాంసం పులుసు అమ్మే హోటలామె గిన్నెలు ముప్పాతిక వరకే నింపేది. "ఇదేంటమ్మా, తక్కువ పోశావు?" అని ఎవరన్నా అడిగితే ఆ మనిషి ఊరికి కొత్త అని లెక్క.

మనుషులు కూడా వాలుని బట్టే నడిచేవాళ్ళు. అలా నడుస్తున్నామని వాళ్ళకి తెలిసేది కాదు. సందులోకి అడుగుపెడితే కాళ్ళు సుఖంగా ఎటు పోతే అటే పోయేవి. సందు కొండ వైపుకి ఒరిగిన రోజున జనం అంతా జారుకుంటూ వచ్చి కొండ చివరనున్న బున్‌రే బడ్డీ దగ్గర తేలేవాళ్ళు. బున్‌రే అమ్మేది పైదేశాల సరుకు. వాన్ బలంగా ఉంటే ఆ సరుకు చవగ్గా దొరికేది, జనం చేతులు కూడా ధారాళంగా ఆడేవి. అదే రేవు వైపుకి ఒరిగితే, జపాన్ నుంచి ఓడ దిగిన వాళ్ళు తమ యెన్‌లకి ఇక్కడ ఇంత సరుకొస్తోందా అని మురిసిపోతూ రేవు చివరన ఉన్న దల్‌మక్ కొట్టులో వాలేవాళ్ళు. దల్‌మక్ నువ్వుల నూనె రాసి కాల్చిన సముద్రపు నాచు రేకులు అమ్మేది. బూసాన్‌లో అంత కరకరలాడే నాచు ఇంకెక్కడా దొరకదని జపాన్ ఆడవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునేవాళ్ళు.

దల్‌మక్ బున్‌రేకి సొంత చెల్లెలు. ఇద్దరికీ మాటల్లేవు.

ఒకరికి బేరం ఉన్న రోజున ఇంకొకరికి ఉండేది కాదు. చిన్నప్పుడు ఒకే దుప్పట్లో పడుకున్న వాళ్ళిద్దరూ, ఒకే రోజున ఇద్దరూ నవ్వుతూ కొట్లు మూసుకున్నది ఎవరూ చూడలేదు. అయినా మాటలు పోయింది అందుకు కాదు. చాలా ఏళ్ళ కింద, డాలర్లు అడుగంటి దేశమంతా గొల్లుమన్న చలికాలంలో సందు రేవు వైపుకి నిలువునా ఒరిగిపోయింది. అప్పుడు దల్‌మక్ కూతురి పెళ్ళి. బున్‌రే బడ్డీకి నెలల తరబడి ఒక్క మనిషి రాలేదు. పెళ్ళికి కవరులో పెట్టి ఇవ్వడానికి ఆమె దగ్గర ఏమీ లేకపోయింది. ఒట్టి చేతులతో వెళ్ళలేక ఇంట్లోనే కూర్చుండిపోయింది. రేవు చివరన దల్‌మక్ కొట్టు ఆ చలికాలం కళకళలాడుతోంది. పెళ్ళయిన మర్నాడు దల్‌మక్ పులుసు హోటల్లో అందరి ముందూ, "మా అక్కకి నా బాగు కంటగింపు" అంది. ఆ మాట సాయంత్రానికల్లా కొండ చివరకి చేరింది. అంతే.

అప్పటినుంచి బున్‌రే రేవు వైపుకి వెళ్ళాల్సి వస్తే సందు మధ్యలో డాలరత్త గొడుగు దాకా వెళ్ళి వెనక్కి తిరిగేది. దల్‌మక్ కూడా అటునుంచి ఆ గొడుగు దాకానే వచ్చేది.

డాలరత్త అసలు పేరు తక్ ఇమ్‌సే. సందు మధ్యలో పెద్ద గొడుగు కింద ఎత్తు పీట మీద, ఒళ్ళో తోలు సంచీతో కూర్చుని నోట్లు మార్చేది. డాలరుకి ఎంత, యెన్‌కి ఎంత అని అడిగితే ముందు పాదాలు నేలకి ఆనించి, తర్వాత చెప్పేది. ఆమె పక్కనే చాంగ్‌బే అడ్డుచెక్కలు చెక్కుకుంటూ కూర్చునేవాడు. ఒకప్పుడు ఓడల పనిలో వడ్రంగి. ఇప్పుడు చక్రాల కింద, బల్లల కాళ్ళ కింద, గంజి కుండల కింద పెట్టుకోవడానికి సందు వాళ్ళకి చెక్కలు అమ్ముకుంటున్నాడు.

"అత్తా, ఇవాళెందుకు కొండ వైపుకి ఒరిగింది?" అని బున్‌రే అడిగేది.

"ఓడలు కట్టే కంపెనీకి గ్రీసు వాడెవడో బయానా పంపాడట. ఆ డాలర్లు తెచ్చి వాన్‌లోకి మార్చుకున్నారు. మరి కూలీలకి జీతాలు డాలర్లలో ఇస్తారా?"

"నిన్న రేవు వైపుకి ఉందిగా?"

"నిన్న చమురు కొనేవాళ్ళు డాలర్ల కోసం ఎగబడ్డారు."

"మరి రేపు?"

"రేపటి సంగతి ఎల్లుండి చెప్తా."

చాంగ్‌బే పకపకా నవ్వేవాడు. "అయిపోయాక కారణం చెప్పడానికి నువ్వెందుకత్తా? అది నేనూ చెప్తాను."

"చెప్పు చూద్దాం."

"ఇటు తోసేవాళ్ళకంటే అటు తోసేవాళ్ళు ఎక్కువయ్యారు. అందుకని ఒరిగింది."

డాలరత్త, "నువ్వు చెప్పిందే నయం. కానీ అలా చెప్తే నా దగ్గర కూర్చుని కబుర్లు వినేదెవరు?" అంది.

చాంగ్‌బేకి ఏ వైపుకి ఒరిగినా ఒకటే. ఊగుతూ ఉంటే చాలు. సందు ఒకే వైపుకి ఒరిగి నిలబడిపోతే అందరూ ఒకసారి చెక్కలు పెట్టుకుని ఊరుకునేవాళ్ళు. పొద్దున ఇటూ మధ్యాహ్నం అటూ అయితే మాత్రం ఒక్కో బల్లకి నాలుగు చెక్కలు కావాలి. అందుకే అందరూ మొహాలు వేలాడేసుకున్న రోజున చాంగ్‌బే ఈల వేసుకుంటూ కనిపించేవాడు. అలాంటి రోజున ఈల వేసినందుకు చేప ముద్దలు అమ్మే ఆమె అతని మీదకి గరిటె విసిరింది కూడా.

ఆ ఏడు ఆకులు రాలే కాలంలో సందు రేవు వైపుకి ఒరగడం మొదలైంది.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. రోజుకి వెంట్రుకవాసి. కానీ ఆ వెంట్రుకలన్నీ కలిసి బెత్తెడయ్యాయి. బున్‌రే అద్దం తీసి చాలా రోజులైంది. దిగుమతి చేసే టోకు వ్యాపారి వచ్చిన ప్రతిసారీ డబ్బా ధర పెంచి చెప్తున్నాడు. కొనడానికి జనం రావడం లేదు. కొండ చివరకి ఎక్కడానికి ఆయాసంగా ఉందని పాత ఖాతాదారులే మధ్యలోంచి వెనక్కి పోతున్నారు.

"ఏమైందత్తా అసలు?" అంటూ బున్‌రే గొడుగు దగ్గరికి వచ్చి కూలబడింది.

"అమెరికాలో పెద్ద పెద్ద బ్యాంకులు మునుగుతున్నాయట. సియోల్‌లో షేర్లు కొనుక్కున్న పైదేశాల వాళ్ళంతా అమ్ముకుని, ఆ వాన్‌లని డాలర్లు చేసుకుని ఇంటికి పరిగెడుతున్నారు."

"అమెరికాలో బ్యాంకు మునిగితే డాలరు పడాలి కదా! మన వాన్ పడ్డమేంటి?"

డాలరత్త సంచీ సర్దుకుంది. "ఇంట్లో మంటలొస్తే పిల్లాడు ఎవరి దగ్గరికి పరిగెడతాడే? అమ్మ దగ్గరికే. పొయ్యి ఆర్పకుండా వదిలేసింది ఆ అమ్మే అయినా సరే."

గొడుగు ముందు అప్పుడే వరస పెరుగుతోంది. డాలర్లు కొనడానికి వచ్చిన వాళ్ళే అందరూ. బున్‌రే వరసలో చివరన నిలబడ్డ బట్టల కొట్టాయన్ని ఎందుకు కొంటున్నావని అడిగింది. ముందున్నాయన కొంటున్నాడు కదా అన్నాడు. ముందున్నాయన్ని అడిగితే ఆయన ముందున్నామెని చూపించాడు. ఒక్కొక్కరు డాలర్లు తీసుకుని పక్కకి జరిగినప్పుడల్లా కాళ్ళ కింద నేల ఇంకాస్త దిగేది. అది తెలిసి వెనకవాళ్ళు ఇంకా తోసుకునేవాళ్ళు.

"తోసుకోకండి నాయనా, మీరు తోసుకుంటేనే ఒరుగుతోంది!" అని డాలరత్త అరిచింది. ఎవరూ వినలేదు. ఆమె చెప్పడమూ మానలేదు, అమ్మడమూ మానలేదు.

ఆ తర్వాత ఊగడం మొదలైంది. పొద్దున్నే రేవు వైపుకి దిగేది. మధ్యాహ్నం కేంద్ర బ్యాంకు వాళ్ళు తమ ఖజానాలోంచి డాలర్లు తీసి అమ్ముతున్నారని పుకారు రాగానే చివాలున కొండ వైపుకి లేచేది. సాయంత్రానికి, వాళ్ళ దగ్గర డాలర్లు అయిపోతున్నాయని ఇంకో పుకారు రాగానే ముందుకంటే లోతుగా దిగేది. పులుసు హోటలామె గిన్నెలు సగం వరకే నింపడం మొదలుపెట్టింది. సందులో పావురాళ్ళు నేల మీద వాలడం మానేశాయి. చాంగ్‌బే దగ్గర చెక్కలు అయిపోయి, పాత పడవ ఒకటి కొని కోయించాడు. అవీ అయిపోయాయి.

చివరి జత చెక్కలు పట్టుకుని అతనే స్వయంగా బున్‌రే దగ్గరికి వచ్చాడు. "బున్‌రేగారూ, మీ బడ్డీ చక్రాల కింద ఉన్నవి అరిగిపోయాయి. ఇవి మీ కోసమని దాచాను."

"వద్దులే చాంగ్‌బేగారూ. ఇంకెవరికన్నా ఇవ్వండి."

"డబ్బుల సంగతి తర్వాత చూద్దామండీ."

"డబ్బుల కోసం కాదు. మూసేసే కొట్టుకి అడ్డుచెక్కలెందుకు?"

అప్పుడు చెప్పింది. సెల్‌ఫోన్ కవర్లు అమ్మే ఒకాయనకి నెలాఖరున ఈ చోటు అప్పగిస్తానని మాటిచ్చేసింది. తేగూలో మేనత్త కూతురికి హోటలుంది. అక్కడ వంటింట్లో పనికి కుదిరింది. ఆ ఊరు రేవుకి దూరం, వీధులు కదలవు.

చాంగ్‌బే చెక్కలు చేతిలో అటూ ఇటూ తిప్పుకుంటూ నిలబడ్డాడు. "మీ చెల్లెలికి చెప్పారా?"

"నాకు చెల్లెలెక్కడుంది?" అంది బున్‌రే. మళ్ళీ తనే, "దాని కొట్టు దగ్గర జనం బాగా ఉన్నారా?" అని అడిగింది.

"కిటకిటలాడిపోతోంది. ఒక్కతే చేసుకోలేక సతమతమైపోతోంది పాపం. మణికట్లకి గుడ్డలు కట్టుకుని రేకులు కాలుస్తోంది."

బున్‌రేకి అమ్మ గుర్తొచ్చింది. అమ్మకి కూడా నాచు కాల్చి కాల్చి మణికట్లే పోయాయి.

ఆ శుక్రవారం పొద్దున బున్‌రే బడ్డీలో కూర్చుని డబ్బాలని అట్టపెట్టెల్లోకి సర్దుతోంది. జపాన్ ఓడ అప్పుడే వచ్చింది. సియోల్‌లో షేర్ల బజారు తెరిచీ తెరవగానే సందు గుభేలుమని రేవు వైపుకి దిగిపోయింది. ఇంతకుముందు ఎన్నడూ అంత దిగలేదు. అరిగిన చెక్కలు చక్రాల కిందనుంచి సబ్బుబిళ్ళల్లా జారిపోయాయి. బడ్డీ ఒకసారి మూలిగి కదిలింది.

అది దానికి అలవాటే. పాతరోజుల్లో అమ్మా ఇద్దరు కూతుళ్ళూ సాయంత్రమయ్యేసరికి ఆ బడ్డీని సామాన్లతో సహా రేవు చివరనున్న షెడ్డులోకి తోసుకుపోయేవాళ్ళు. చక్రాలకి ఆ దారి గుర్తున్నట్టే ఉంది. కుదుపు లేకుండా, తొందర లేకుండా, ఊరేగింపులా సాగింది. బున్‌రే ఒక చేత్తో కొయ్య స్తంభం పట్టుకుని, రెండో చేత్తో కాఫీ సీసాలు పడిపోకుండా ఆపుకుంది.

"ఎక్కడికే పొద్దున్నే?" అని పులుసు హోటలామె గుమ్మంలోంచి అడిగింది.

"ఏమో! అదెక్కడికి తీసుకెళ్తే అక్కడికి!"

జపాన్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ బడ్డీ పక్కనే నడుస్తూ, చాక్లెట్ డబ్బా చూపించి ఎంత అని సైగ చేసింది. బున్‌రే వేళ్ళు చూపించింది. ఆవిడ డబ్బులిచ్చి, డబ్బా తీసుకుని, నడుస్తూనే వంగి దణ్ణం పెట్టింది. బున్‌రే కూడా కదిలే బడ్డీలోంచి వంగి దణ్ణం పెట్టింది. డాలరత్త పీటతో సహా లేచి పక్కకి తప్పుకుని, గొడుగుని వాల్చి దారిచ్చింది. వరసలో ఉన్నవాళ్ళు కూడా చెరో పక్కకీ జరిగారు. బడ్డీ గొడుగు దాటింది, బున్‌రేతో సహా. ఇన్నేళ్ళలో ఆమె ఆ గొడుగు దాటింది లేదు.

"చాంగ్‌బేగారూ! ఒక చెక్క వెయ్యండి!"

"ఆ చివరి జత చేప ముద్దలావిడకి అమ్మేశాను, బున్‌రేగారూ! మీరే వద్దన్నారు కదండీ!" అంటూ అతను బడ్డీ వెంట పరిగెత్తాడు.

బడ్డీ రేవు చివరకి వచ్చి, దల్‌మక్ కొట్టు ముందు పేర్చిన నాచు మూటలకి మెత్తగా ఆని ఆగిపోయింది. ఒక్క సీసా పగల్లేదు.

లోపల దల్‌మక్ రెండు చేతులకీ నూనె, భుజాన తువ్వాలు, ఎదురుగా పదిమంది జపాన్ ఆడవాళ్ళతో నిలబడి ఉంది. బడ్డీని చూసింది. బడ్డీలో కూర్చున్న మనిషిని చూసింది.

"బేరాలకి అడ్డం. తీయండి" అంది.

"తీస్తాం. ఎవరికి కావాలి నీ గుమ్మం?" అంది బున్‌రే. దిగి చాంగ్‌బేతో కలిసి తోసింది. పులుసు హోటలామె మొగుడూ ఓ చెయ్యి వేశాడు. జానెడు కదిలి మళ్ళీ వచ్చి మూటలకి ఆనింది. ఇంకోసారి తోశారు. ఇంకోసారి వచ్చింది. ఆ వాలుకి ఎదురు తోయడం ఎవరి వల్లా కాదు.

"సందు మళ్ళీ లేచేదాకా ఇంతే" అని చాంగ్‌బే చేతులు దులుపుకున్నాడు.

చేసేది లేక బున్‌రే బడ్డీలోనే కూర్చుంది. నాలుగడుగుల దూరంలో చెల్లెలు రేకు మీద రేకు కాలుస్తోంది. కాల్చిన ప్రతిసారీ మణికట్టు పట్టుకుని పళ్ళు బిగిస్తోంది. జనం పెరుగుతున్నారు. కట్టి ఇచ్చే మనిషి లేక, ముందు వచ్చిన వాళ్ళు విసుక్కుంటున్నారు. బున్‌రే చాలాసేపు అటు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది. చివరికి లేచి వెళ్ళి, పక్కనున్న కాగితాల కట్ట తీసి పొట్లాలు కట్టడం మొదలుపెట్టింది.

"నిన్నెవరు పిలిచారు?"

"ఎవరూ పిలవలేదు. నా బడ్డీ ముందు జనం గోల చేస్తుంటే చూడలేక వచ్చాను."

"ఆ మడత అలా కాదు. మూలలు లోపలికి వెళ్ళాలి."

"ఈ మడత నీకు నేర్పింది ఎవరనుకున్నావు?"

దల్‌మక్ ఇంకో రేకు అందుకుంది. జనం తగ్గేదాకా ఒకరు కాలుస్తూ, ఇంకొకరు కడుతూ ఉండిపోయారు. తగ్గాక దల్‌మక్ బార్లీ టీ రెండు గిన్నెల్లో పోసి, ఒకటి బల్ల చివరికి జరిపింది. ఇవ్వలేదు, జరిపింది. బున్‌రే తీసుకుంది.

"నా కూతురి పెళ్ళికి ఎందుకు రాలేదు?" అని దల్‌మక్ గోడకేసి చూస్తూ అడిగింది.

"కవరులో పెట్టడానికి ఏమీ లేదు."

"ఒట్టి కవరే తేవాల్సింది."

"చేతులూపుకుంటూ రమ్మంటావా? పెద్దదాన్ని."

"నేనేమన్నా అడిగానా? ఎవరన్నా అడిగారా?" దల్‌మక్ గొంతు లేచింది. "ఫోటో తీసేవాడు నన్ను పక్కకి జరగమని చెప్పి చెప్పి విసిగిపోయాడు. నేను జరగలేదు. ఇప్పటికీ ఆ ఫోటోలో నా పక్కన మనిషి పట్టేంత ఖాళీ ఉంది. చూసిన ప్రతివాళ్ళూ ఇక్కడెవరే అని అడుగుతారు."

బున్‌రే గిన్నెలోకి చూస్తూ కూర్చుంది. టీ గిన్నెలో ఒక పక్కకి వాలి ఉంది.

"మరి కంటగింపు అని ఎందుకన్నావు?"

"కోపం వచ్చింది, అన్నాను. రెండు రోజుల్లో కొండ మీంచి దిగివచ్చి నా జుట్టు పట్టుకుంటావనుకున్నాను. నువ్వు రాలేదు." ముక్కు చీదుకుని, "ఇప్పుడు నీకేం, హాయిగా తేగూ పోతున్నావట" అంది.

"ఎవరు చెప్పారు?"

"చాంగ్‌బే. ఏడుపు మొహంతో వచ్చి చెప్పాడు."

ఆ పై వారమంతా సందు రేవు వైపే ఉండిపోయింది. బడ్డీ దల్‌మక్ గుమ్మం ముందే ఉండిపోయింది. జనం ఎక్కువై కొట్టులో చోటు చాలక కాల్చిన నాచు పొట్లాలు బడ్డీ అరల్లోకి చేరాయి. డబ్బాల పక్కన పొట్లాలు, పొట్లాల పక్కన డబ్బాలు. నాచు కొన్నవాళ్ళలో కొందరు ఓడలో తాగడానికి కాఫీ కూడా తీసుకున్నారు. అక్కచెల్లెళ్ళు రోజూ దెబ్బలాడుకున్నారు. నూనె ఎక్కువైందని ఒకరు, ఉప్పు తక్కువైందని ఇంకొకరు. దల్‌మక్ మణికట్ల గుడ్డలు విప్పేసింది. కాల్చడం బున్‌రే చేతిలోకి వచ్చేసింది కదా మరి. దల్‌మక్ మాత్రం ఒక్కసారి కూడా అక్కా అని పిలవలేదు. "ఏమోయ్ డబ్బాలావిడా" అని పిలిచేది.

నెలాఖరు దగ్గరపడింది. ఆ రోజు పొద్దున డాలరత్త గొడుగు దగ్గరనుంచి ఎవరో కేకేశారు. మన కేంద్ర బ్యాంకూ అమెరికా కేంద్ర బ్యాంకూ ఒప్పందం చేసుకున్నాయట. ఎన్ని డాలర్లు కావాలంటే అన్ని వాళ్ళే సర్దుతారట. నిన్నటిదాకా డాలర్ల కోసం తోసుకున్నవాళ్ళే ఇవాళ వాటిని అమ్మడానికి తోసుకుంటున్నారు.

"ఒక్క డాలరు కూడా ఇంకా రాలేదుగా అత్తా!" అన్నాడు చాంగ్‌బే.

"రానక్కర్లేదు నాయనా. వస్తుందని తెలిస్తే చాలు. పీటలు పట్టుకోండి!"

అప్పుడు బున్‌రే, దల్‌మక్ ఇద్దరూ బడ్డీలోనే ఉన్నారు. ఒకరు కిందనుంచి పొట్లాలు అందిస్తుంటే ఇంకొకరు పై అరలో పెడుతున్నారు. సందు పెద్దగా ఊపిరి పీల్చినట్టు లేచి కొండ వైపుకి తిరగబడింది. బడ్డీ వెనక్కి కదిలింది. ఈసారి ఊరేగింపు కాదు. పరుగు.

"అక్కా!" అని దల్‌మక్ కేకేసింది. పై అరలోంచి డబ్బాలు దొర్లుకొచ్చాయి. "అక్కా, పట్టుకో! పడిపోతున్నా!"

బున్‌రే స్తంభం వదిలేసి చెల్లెల్ని పట్టుకుంది. నాచు పొట్లాలు సందంతా ఎగిరి పడుతున్నాయి. చేప ముద్దలావిడ గరిటె అడ్డం పెట్టుకుంది. పిల్లులు పరిగెత్తాయి. ఎదురుగా కొండ చివర, ఖాళీగా ఉన్న తన పాత చోటు బున్‌రేకి కనిపించింది. అక్కడికి వెళ్ళి ఆగితే ఇవాళ్టి నుంచి బేరాలు తనవే. వాన్ లేచింది, జనం తన వైపే జారుతారు. తేగూ వెళ్ళక్కర్లేదు. చోటు వదులుకోనక్కర్లేదు. రేవు చివరన దల్‌మక్ కొట్టు మాత్రం బోసిపోతుంది.

చెల్లెలు ఆమె నడుం చుట్టూ చేతులు వేసి కళ్ళు మూసుకుని ఉంది.

డాలరత్త గొడుగు దగ్గరపడుతోంది. ఈసారి చాంగ్‌బే దగ్గర చెక్కలున్నాయి. కొత్తవి, పెద్దవి, చేతికొకటి.

"చాంగ్‌బేగారూ!" అని బున్‌రే గొంతు చించుకుంది. "ఇక్కడే! ఇక్కడే వెయ్యండి!"

"ఇక్కడా? మీ చోటు ఇంకా అంత దూరం ఉంది!"

"వెయ్యవయ్యా బాబూ!"

వేశాడు. చక్రాలు కిర్రుమన్నాయి. బడ్డీ సందు నట్టనడుమ, డాలరత్త పీటకి బెత్తెడు దూరంలో నిలబడిపోయింది. దల్‌మక్ కళ్ళు తెరిచి చుట్టూ చూసి, తాను అక్కని వాటేసుకుని ఉన్నానని గమనించి చేతులు తీసేసింది. మళ్ళీ ఏమనుకుందో, ఒక చెయ్యి వేసింది.

కొండ వైపుకి జారుతున్న జనం వాళ్ళ ముందునుంచే పోతున్నారు. ఒకాయన ఆగి కాఫీ అడిగాడు. ఇంకొకామె కింద పడ్డ నాచు పొట్లం తీసి, ఇదెంత అని అడిగింది.

డాలరత్త పీట మీద కూర్చుని అంతా చూస్తోంది. "తెలివైనదానివేనే! కొండ వైపుకి జారేవాళ్ళూ నీ ముందునుంచే పోవాలి, రేవు వైపుకి జారేవాళ్ళూ నీ ముందునుంచే పోవాలి. డాలరు లేస్తే నాచు అమ్ముకుంటారు, పడితే డబ్బాలమ్ముకుంటారు. ఇలాంటి ఏర్పాటు చేసి పెట్టమని పెద్ద పెద్ద కంపెనీలు బ్యాంకుల చేతుల్లో ఎంత పోస్తాయో తెలుసా?"

"నాకవేం తెలీవత్తా" అంది బున్‌రే. "అది ఏడుస్తుంటే ఆపమన్నాను."

"నేనేం ఏడవలేదు" అంది దల్‌మక్.

సాయంత్రం సెల్‌ఫోన్ కవర్ల ఆయన వచ్చాడు. కొండ చివరన చోటు ఖాళీగా ఉందేమిటి, బడ్డీ ఏదని అడిగాడు. చోటు నీదే, బడ్డీ లేదు అని బున్‌రే చెప్పింది. అతనికి కావాల్సిందీ అదే. తేగూలో మేనత్త కూతురు నాలుగు రోజులు అలిగి, తర్వాత నాచు పంపమని కబురు చేసింది.

వసంతం వచ్చేసరికి ప్రపంచం కాస్త కుదుటపడింది. డాలర్ల కోసం తోసుకునేవాళ్ళు తగ్గారు. సందు కూడా అలసిపోయినట్టు దాదాపు చదునుగా పడుకుంది. పులుసు హోటలామె గిన్నెలు మళ్ళీ ముప్పాతిక నింపుతోంది. అందరూ సుఖంగా ఉన్నారు, ఒక్క చాంగ్‌బే తప్ప. పని లేక రోజంతా అక్కచెల్లెళ్ళ దగ్గర కూర్చుని కాఫీ తాగేవాడు. తాగిన ప్రతి కప్పుకీ ఒక సలహా ఇచ్చేవాడు.

"చాంగ్‌బేగారూ" అంది బున్‌రే ఒకరోజు. "ఊరికే కూర్చునే బదులు మాకో పని చేసిపెడతారా? ఈ చక్రాలు తీసెయ్యండి."

దల్‌మక్ కాలుస్తున్న రేకు ఆపి అక్క వైపు చూసింది. అమ్మ వేయించిన చక్రాలు అవి. "తీసేస్తే ఇంక ఎటూ వెళ్ళలేం మరి" అంది.

"ఎక్కడికి వెళ్తావే నువ్వు?"

దల్‌మక్ ఆలోచించింది. "ఎక్కడికీ లేదు."

చాంగ్‌బే బడ్డీ కిందికి దూరాడు. ఒక వైపు చక్రాలు తీయడం అయ్యాక రెండో వైపు ఎత్తి పట్టుకోమన్నాడు. బున్‌రే ఒక మూల, దల్‌మక్ ఒక మూల పట్టుకుని "హెయ్" అని ఎత్తారు. పులుసు హోటలామె, చేప ముద్దలావిడ వచ్చి చూస్తూ నిలబడ్డారు. డాలరత్త తన పీట కాస్త జరుపుకుంది. చాంగ్‌బే సుత్తితో ఒక చక్రం ఊడగొట్టాడు, రెండోది ఊడగొట్టాడు.

"అయిపోయింది. ఇంక దించండి."

"ముందు నువ్వు దించు" అంది దల్‌మక్.

"నువ్వే దించు. నీ వైపు పల్లంగా ఉంది."

"నా వైపు ఎందుకు పల్లం? నీ వైపే పల్లం!"

"ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు కాదమ్మా!" అని కిందనుంచి చాంగ్‌బే గావుకేక పెట్టాడు. "ఇద్దరూ కలిసి దించండి! నా వేళ్ళున్నాయి ఇక్కడ!"

అక్కచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వాపుకోలేకపోయారు. కలిసి దించారు.